పట్టా మనదే, జోన్ ఎవరు నిర్ణయిస్తారు? ప్రాంతీయ భూవినియోగ ప్రణాళికకు చట్టం వేసిన దారి

వరంగల్ చుట్టుపక్కల ఊళ్ళలో భూమి బేరం నడిచే చోట ఇప్పుడు రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. పట్టా ఎవరి పేరున ఉందన్నది మొదటిది. అది తాతల నాటి నుంచీ ఉన్న ప్రశ్న. ఏ జోన్‌లో పడిందన్నది రెండోది; ఇది ఇటీవలి కాలంలో వచ్చి చేరింది, కానీ ధరను, ఇంటి అనుమతిని, కొన్నిసార్లు ఆ భూమి భవిష్యత్తునే తేల్చేది ఇదే. ధర్మసాగర్‌లోనో గీసుగొండలోనో మూడెకరాలున్న రైతుకు తన సర్వే నంబరు మీద పటంలో పడిన రంగుకు అర్థమేమిటో, దాన్ని ఎవరు ఏ చట్టం కింద వేశారో, వేసే ముందు తనను అడగవలసిన బాధ్యత ఎవరికైనా ఉందో లేదో విడమరిచి చెప్పేవారు తక్కువ. చట్టంలో ఈ మూడింటికీ సమాధానాలున్నాయి. అవి ఒకే పుస్తకంలో లేకపోవడమే చిక్కు.

కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే మనం కుడా అని పిలిచే సంస్థ పరిధి హనుమకొండ, వరంగల్, జనగామ జిల్లాల్లోని 180కి పైగా గ్రామాలకు, సుమారు 1,800 చదరపు కిలోమీటర్లకు విస్తరించి ఉంది. ఈ ప్రాంతానికి 2041 వరకు వర్తించే మాస్టర్ ప్లాన్‌ను రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించింది. అంతకు ముందున్నది 1970ల తొలినాళ్ళలో తయారైన ప్రణాళిక. ఈ రెంటి మధ్యా అర్ధ శతాబ్దం గడిచింది. ఆ కాలంలోనే నగరం కాజీపేటను దాటి మడికొండ వరకు పాకింది, 42 గ్రామాలు నగరపాలక సంస్థలో విలీనమయ్యాయి, పాత వరంగల్ జిల్లా అయిదుకు పైగా జిల్లాలయింది. ప్రణాళిక లేని ఇన్నేళ్ళలో జరిగిన కట్టడాల భారాన్ని కొత్త ప్రణాళిక ఇప్పుడు మోయవలసి వస్తోంది.

ప్రణాళిక ఏం చేస్తుంది, ఏం చేయదు

భూవినియోగ ప్రణాళికలో రెండు భాగాలుంటాయి. ఒకటి పటం, రెండోది జోనింగ్ నిబంధనల పత్రం. పటంలో నివాస, వాణిజ్య, పారిశ్రామిక, వ్యవసాయ, వినోద, రవాణా జోన్లు రంగుల్లో కనిపిస్తాయి. ఒక్కో జోన్‌లో ఏ నిర్మాణం నేరుగా అనుమతిస్తారో, దేనికి షరతులుంటాయో, దేన్ని నిషేధించారో నిబంధనల పత్రం చెబుతుంది. జనం పటం చూసి ఊరుకుంటారు. నిజానికి వివాదాలన్నీ పుట్టేదీ తీరేదీ రెండో పత్రం దగ్గరే. వ్యవసాయ జోన్ అంటే అక్కడ ఇల్లే కట్టుకోకూడదని చాలామంది నమ్ముతారు. రైతు నివాసం, గ్రామకంఠం, గ్రామ విస్తరణ వంటి వాటికి నిబంధనలు ఏ మేరకు చోటిచ్చాయో చూడకుండా ఆ మాట అనలేం.

జోన్ మారినంత మాత్రాన యాజమాన్యం మారదు. పారిశ్రామిక జోన్‌లో పడిన పొలాన్ని ప్రభుత్వం లాగేసుకుంటుందన్న భయం ఊళ్ళలో బలంగా ఉంది. చట్టం ఆ అధికారాన్ని ప్రణాళికకు ఇవ్వలేదు. ప్రణాళిక అమల్లోకి వచ్చిన నాటికి భూమిని ఏ పనికి వాడుతున్నారో ఆ వాడకాన్ని అదే మేరకు కొనసాగించుకోవచ్చని 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టమే చెబుతోంది. పారిశ్రామిక రంగు పడిన చెలకలో పత్తి వేయడాన్ని ఎవరూ ఆపలేరు. భూమి కావాలంటే ప్రభుత్వం 2013 నాటి భూసేకరణ చట్టం కిందనో, యజమాని అంగీకారంతోనో తీసుకోవాలి. రాజ్యాంగంలోని 300ఏ అధికరణ ప్రకారం చట్టబద్ధమైన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ హరించడానికి వీల్లేదు.

అలాగని రైతుల ఆందోళనను అపోహగా కొట్టిపారేయడం అన్యాయం. యాజమాన్యం చెక్కుచెదరకపోయినా, ప్రతిపాదిత రహదారి గీత పొలం మధ్యలోంచి పోతే ఆ మేర కట్టడానికి అనుమతి రాదు, కొనేవాడు ముందుకు రాడు. రహదారి ఎప్పుడు వేస్తారో తెలియదు కాబట్టి పరిహారమూ చేతికి రాదు. కాగితం మీది గీతకూ చేతికందే పరిహారానికీ మధ్య ఇరవై ఏళ్ళు గడిచిపోవచ్చు. ఆడపిల్ల పెళ్ళికి రెండెకరాలు అమ్ముకుందామనుకున్న కుటుంబానికి ఇది భూమి పోయినదానికంటే తక్కువ నష్టమేమీ కాదు. ప్రణాళిక అమలును దశలవారీగా చూపాలని చట్టం కోరడానికి ఒక కారణం ఇదేనని నా అభిప్రాయం. ఏ రహదారి ఏ దశలో వస్తుందో చెప్పని ప్రణాళిక ఆ భారాన్ని మొత్తంగా భూ యజమాని నెత్తిన పెడుతుంది.

చట్టాలు వేరు, దారులు వేరు

తెలంగాణలో మాస్టర్ ప్లాన్ తయారీకి ఒకే చట్టం లేదు. బ్రిటిష్ కాలంలో మద్రాసు ప్రాంతంలో వచ్చిన 1920 నాటి పట్టణ ప్రణాళిక చట్టం నేటికీ మున్సిపల్ పట్టణాలకు ఆధారం. పట్టణాభివృద్ధి సంస్థలున్న చోట 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వర్తిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఈ చట్టాన్నే తెలంగాణ స్వీకరించింది. కుడాతో పాటు, 2017లో ఏర్పడిన కరీంనగర్‌లోని శాతవాహన, నిజామాబాద్ పట్టణాభివృద్ధి సంస్థలు కూడా దీని కిందికే వస్తాయి. వీటికి తోడు 2019 నాటి మున్సిపాలిటీల చట్టం, 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం స్థానిక సంస్థల అధికారాలను, లేఅవుట్లకు, భవనాలకు ఇచ్చే అనుమతులను నిర్దేశిస్తాయి. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో రూపొందించిన మార్గదర్శకాలు ప్రాంతీయ, నగర, స్థానిక ప్రణాళికలను ఒకదాని కింద ఒకటిగా అమర్చి చూపుతాయి గానీ, వాటికి చట్టబలం లేదు. కన్సల్టెంట్ల నివేదికల్లో ఈ మార్గదర్శకాలే ఎక్కువగా కనిపించడం వల్ల అవే చట్టమన్న భ్రమ కలుగుతుంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, అభ్యంతరం ఎవరికి ఇవ్వాలో, ఎంత గడువులో ఇవ్వాలో, తుది నిర్ణయం ఎవరిదో ఆ దారిని బట్టే మారుతుంది. పట్టణ ప్రణాళిక చట్టం కింద మున్సిపల్ కౌన్సిల్ తీర్మానానికి బరువుంటుంది. పట్టణాభివృద్ధి సంస్థ విషయంలో ముసాయిదా తయారుచేసేది ఛైర్మన్, వైస్ ఛైర్మన్‌లను ప్రభుత్వమే నియమించే ఒక పాలక మండలి; ఆమోదించేదీ ప్రభుత్వమే. ఓటు వేసి గెలిపించుకున్న వార్డు సభ్యుడికో సర్పంచికో అందులో నేరుగా మాట చెల్లదు. అందువల్లే చట్టం ప్రజలకు మరో ద్వారం తెరిచింది. అది ముసాయిదా ప్రకటన.

సర్వే నుంచి గెజిట్ దాకా

1975 చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం పట్టణాభివృద్ధి సంస్థ ముందుగా తన ప్రాంతమంతటా సర్వే జరిపి, ఆ తర్వాత మాస్టర్ ప్లాన్ తయారుచేయాలి. ప్రాంతాన్ని ఏయే జోన్లుగా విభజిస్తున్నారో, ఒక్కో జోన్‌లో భూమిని ఏ తీరున వాడాలని ప్రతిపాదిస్తున్నారో, ఆ అభివృద్ధి ఏయే దశల్లో జరుగుతుందో అందులో ఉండాలి. దాని వెంబడే, లేదా వీలైనంత త్వరలో, 7వ సెక్షన్ కింద ఒక్కో జోన్‌కు విడివిడిగా జోనల్ అభివృద్ధి ప్రణాళికలు రావాలి. ఇంత పెద్ద ప్రాంతానికి గీసిన మాస్టర్ ప్లాన్ పటంలో ఒక రహదారి ఏ సర్వే నంబరులో ఏ గట్టు పక్క నుంచి పోతుందో కచ్చితంగా తేలదు. ఆ వివరం తేలవలసింది జోనల్ ప్రణాళికలో. మన రాష్ట్రంలో మాస్టర్ ప్లాన్ మీద జరిగినంత చర్చ జోనల్ ప్రణాళికల మీద జరగదు. నష్టమో లాభమో చివరకు ఖరారయ్యేది మాత్రం అక్కడే.

సర్వే దశను కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే తప్పులకు మూలం అక్కడే ఉంటుంది. ఇప్పటి ప్రణాళికలకు ఉపగ్రహ చిత్రాలు తీసుకుని, వాటి మీద గ్రామ నక్షలను పరచి, సర్వే నంబర్ల హద్దులు గుర్తిస్తారు. తెలంగాణ గ్రామ నక్షల్లో చాలావరకు నిజాం కాలపు కొలతల ఆధారంగా తయారైనవి. వాటిని నేటి ఉపగ్రహ చిత్రానికి అతికించేటప్పుడు ఒక మూల సరిపోతే మరో మూల జరుగుతుంది. పటం మీద చిన్న జరుగుబాటు నేల మీద కొన్ని గుంటల తేడా అవుతుంది. పాత శిఖం, అంటే చెరువు గర్భంలోని భూమి హద్దు పట్టా భూమిలోకి రావడం, బండ్ల బాట మాయం కావడం, ఊరి శ్మశానం నివాస జోన్‌లో కలిసిపోవడం వంటివి ఇలాగే జరుగుతాయి. ఆఫీసులో కూర్చుని పటం చూసే అధికారికి ఇవి కనపడవు. ఆ ఊరి వాళ్ళకు మాత్రమే కనపడతాయి. ముసాయిదాను జనం ముందు పెట్టాలన్న నిబంధన వెనుక ప్రజాస్వామ్య సూత్రం ఎంత ఉందో, ఈ ఆచరణాత్మక అవసరమూ అంతే ఉంది.

ముసాయిదా సిద్ధమయ్యాక దాని ప్రతిని ఎవరైనా వచ్చి చూసుకునేలా అందుబాటులో ఉంచి, అభ్యంతరాలు, సూచనలు కోరుతూ ప్రకటన ఇవ్వాలి. వాటిని ఎప్పటిలోగా ఇవ్వాలో ప్రకటనలోనే చెప్పాలి. ప్రణాళిక తాకే భూములు ఏ స్థానిక సంస్థ పరిధిలో ఉన్నాయో ఆ సంస్థకు తన వాదన చెప్పుకొనే సముచిత అవకాశం ఇవ్వాలి. వచ్చిన అభ్యంతరాలన్నిటినీ పరిశీలించాకే ప్రణాళికను తుది రూపానికి తెచ్చి ప్రభుత్వానికి పంపాలి. ప్రభుత్వం దాన్ని ఉన్నదున్నట్టుగా ఆమోదించవచ్చు, మార్పులతో ఆమోదించవచ్చు, లేదా తిరస్కరించి కొత్తది తయారు చేయమనవచ్చు. ఆమోదం తర్వాత ప్రకటన వెలువడితేనే ప్రణాళిక అమల్లోకి వస్తుంది.

చదవడానికి ఇది సాఫీగా ఉంటుంది. ఆచరణలో ఈ దశను ఎలా నడుపుతారన్న దాని మీదే ప్రణాళిక మంచిచెడ్డలు ఆధారపడతాయి. ఒక దినపత్రిక లోపలి పేజీలో చిన్న అక్షరాలతో ప్రకటన వేసి, జిల్లా కేంద్రంలోని కార్యాలయం గోడకు ఒక పెద్ద పటం తగిలించి, సర్వే నంబర్లు కనిపించని స్థాయిలో దాన్ని ముద్రిస్తే, చట్టంలోని అక్షరం నెరవేరినట్టే ఉంటుంది. అయితే స్టేషన్ ఘన్‌పూర్ నుంచి బస్సెక్కి వచ్చిన రైతు ఆ పటంలో తన పొలాన్ని గుర్తుపట్టలేకపోతే, ఆయనకు అవకాశం ఇచ్చినట్టు ఎలా అవుతుంది? సర్వే నంబరు వారీ జాబితాను తెలుగులో గ్రామ పంచాయతీ కార్యాలయం దగ్గర అంటించడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. గ్రామసభ పెట్టి పటాన్ని వివరించడానికి ఒక్కో ఊరికి ఒక పూట చాలు. చట్టం ఈ రెండింటినీ పేరుపెట్టి చెప్పలేదన్నది నిజమే. వద్దని కూడా చెప్పలేదు.

కామారెడ్డిలో 2022-23 చలికాలంలో జరిగింది ఈ మాటకు బాధాకరమైన సాక్ష్యం. పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా ప్రకటించారు. పట్టణంలో కలిసిన పల్లెల సాగు భూములు అందులో పారిశ్రామిక జోన్‌గా కనిపించాయి. తమ పొలాలు ఏ జోన్‌లో పడ్డాయో రైతులకు తెలిసేసరికి అభ్యంతరాల గడువు చాలావరకు గడిచిపోయింది. ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. కలెక్టరేట్ ఎదుట భారీ నిరసన, పట్టణ బంద్, హైకోర్టులో పిటిషన్లు వరుసగా వచ్చాయి. చివరకు 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిల్ ముసాయిదాను ఉపసంహరించుకోవాలని తీర్మానించింది. అదే నెలలో జగిత్యాలలోనూ అలాంటి ఆందోళనే నడిచి, అక్కడి ముసాయిదా కూడా వెనక్కు పోయింది. అది ముసాయిదాయే, ఇంకా ఖరారు కాలేదని అధికారులు అన్నారు. చట్టం ప్రకారం ఆ మాట నిజం. కానీ ముసాయిదా అంటే ఏమిటో ముందే ఊరూరా చెప్పి ఉంటే ఆ మాటను నమ్మడానికి రైతుకు ఒక ఆధారం ఉండేది. రెండు పట్టణాలకూ ప్రణాళిక అవసరం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది; పోయినది ప్రజల నమ్మకం, దానితో పాటు ఒక ప్రాణం.

రాజ్యాంగం చెప్పినది, మనం వదిలేసినది

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాని ద్వారా చేరిన 12వ షెడ్యూలులో పట్టణ ప్రణాళిక, భూవినియోగ నియంత్రణ అన్న రెండు అంశాలు మున్సిపాలిటీల జాబితాలో మొట్టమొదట కనిపిస్తాయి. 243జడ్‌డీ అధికరణ ప్రతి జిల్లాలోనూ జిల్లా ప్రణాళిక కమిటీ ఉండాలంటుంది. అందులో కనీసం అయిదింట నాలుగు వంతుల సభ్యులను జిల్లా పరిషత్తులోని, మున్సిపాలిటీలలోని ఎన్నికైన సభ్యులు తమలో నుంచే ఎన్నుకోవాలి. పల్లె, పట్టణ జనాభా నిష్పత్తిని పాటించాలి. ఈ కమిటీ పంచాయతీల, మున్సిపాలిటీల ప్రణాళికలను కలిపి జిల్లాకు ఒక ముసాయిదా అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. అలా చేసేటప్పుడు స్థల ప్రణాళికను, నీటిని, ఇతర సహజ వనరులను పంచుకోవడాన్ని, పర్యావరణ రక్షణను దృష్టిలో పెట్టుకోవాలని రాజ్యాంగమే రాసి పెట్టింది. పది లక్షలు, అంతకు మించిన జనాభా ఉండి మెట్రోపాలిటన్ ప్రాంతంగా ప్రకటించిన చోట 243జడ్‌ఈ కింద ప్రత్యేక కమిటీ రావాలి. అందులో మూడింట రెండు వంతులు ఎన్నికైనవారుండాలి. 2011 జనాభా లెక్కల్లో వరంగల్ నగరం ఎనిమిది లక్షల దగ్గర ఉంది. కాబట్టి నగరం మట్టుకు చూస్తే జిల్లా ప్రణాళిక కమిటీయే దిక్కు.

ఇక్కడే ఒక ముడి ఉంది. ప్రణాళిక కమిటీ జిల్లా స్థాయిది. కుడా ప్రాంతం మూడు జిల్లాల్లోకి చొచ్చుకుపోయింది. 2016 అక్టోబరులో జిల్లాల విభజన, 2021లో వరంగల్ అర్బన్, రూరల్ జిల్లాలు హనుమకొండ, వరంగల్ అయి హద్దులు మళ్ళీ మారడం తర్వాత ఒకే నగరం రెండు కలెక్టరేట్ల మధ్య ఉంది. మూడు జిల్లాల కమిటీలు ఒక్కో ముక్కను చూస్తే, మొత్తాన్ని చూసేది ప్రభుత్వం నియమించిన కుడా ఒక్కటే అవుతుంది. ఎన్నికైన ప్రతినిధుల జిల్లా ప్రణాళికకూ పట్టణాభివృద్ధి సంస్థ మాస్టర్ ప్లాన్‌కూ సంబంధం ఏమిటో, రెంటికీ పొసగకపోతే ఏది నిలుస్తుందో 1975 చట్టంలో లేదు. అది రాజ్యాంగ సవరణ అమలుకు దాదాపు 18 ఏళ్ళ ముందు పుట్టిన చట్టం కాబట్టి ఉండే అవకాశమూ లేదు. ఈ ఖాళీని పూరించే సమగ్ర ప్రణాళిక చట్టం రావాలన్నది నా గట్టి అభిప్రాయం. అది వచ్చే దాకా కనీసం ముసాయిదా దశలో సంబంధిత జిల్లాల ప్రణాళిక కమిటీలను కూర్చోబెట్టి వాటి అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకోవడానికి ఏ అడ్డూ లేదు. నగరంలో విలీనమైన 42 గ్రామాల విషయంలో ఇది మరీ అవసరం. విలీనంతో అక్కడ గ్రామసభ పోయింది. పొలాలు మాత్రం మిగిలే ఉన్నాయి.

ప్రణాళిక దాటలేని గీతలు

మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్ అని ఉన్నంత మాత్రాన అక్కడ కట్టుకోవచ్చని అర్థం కాదు. కొన్ని చట్టాలు, నిబంధనలు ప్రణాళికకు పైన నిలుస్తాయి. మన ప్రాంతంలో వాటిలో మొదటిది నీటిది.

ఓరుగల్లు నేల గొలుసుకట్టు చెరువుల నేల. ఒక చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండేలా కాకతీయుల నాటి నుంచి పేర్చిన వ్యవస్థ ఇది. అందువల్ల ఇక్కడ చెరువు అంటే నీళ్ళు నిలిచే గుంత ఒక్కటే కాదు, మత్తడి నుంచి కింది చెరువు దాకా పోయే కాలువ కూడా. 2012లో జీవో 168గా వచ్చిన భవన నిర్మాణ నియమాలు పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటలు, శిఖం భూముల నుంచి 9 మీటర్లు ఖాళీగా ఉంచాలంటాయి. పది మీటర్లకు మించిన వెడల్పున్న వాగుకు, నాలాకు 9 మీటర్లు, అంతకు లోపు వెడల్పున్న వాటికి 2 మీటర్లు వదలాలి. ఈ కొలతలు పూర్తి నీటిమట్టపు గీతను కచ్చితంగా గుర్తిస్తేనే పనిచేస్తాయి. ఆ గీతను నీటిపారుదల, రెవెన్యూ శాఖలు నిర్ధారించి ఇవ్వకుండా ప్రణాళిక పటంలో చెరువును అందాజాగా నీలి రంగుతో పూస్తే, ఆ తర్వాత ప్రతి అనుమతీ ఒక వివాదమవుతుంది.

2020 ఆగస్టులో, మళ్ళీ 2023 జూలైలో హనుమకొండ, వరంగల్ కాలనీల్లో పడవలు తిరిగాయి. రెండోసారి భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. వాన అసాధారణమైనదే, కానీ నీళ్ళు నిలిచిన చోట్లలో చాలావాటికి పాత పేర్లలోనే కుంట, వాగు ఉన్నాయి. ప్రణాళిక తయారుచేసేవారు నీటిపారుదల శాఖ దగ్గరి చెరువుల జాబితాను, పాత పహాణీల్లోని శిఖం నమోదులను, గ్రామ నక్షల్లోని కాలువ గీతలను ఒకదానితో ఒకటి పోల్చి చూడడం ఐచ్ఛికంగా మిగలకూడదు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని సుప్రీంకోర్టు 2011లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. చెరువు భూమిని జోన్ మార్పుతో ఇళ్ళ స్థలంగా మార్చడానికి ఆ తీర్పు తర్వాత చోటు లేదు.

రెండో గీత చారిత్రక కట్టడాలది. వరంగల్ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ తర్వాతి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కోట లోపలా చుట్టూ తరాలుగా నివసిస్తున్న కుటుంబాలకు పాత ఇంటి మరమ్మతుకు కూడా అనుమతి కావాలి. మాస్టర్ ప్లాన్ ఈ నిబంధనను సడలించజాలదు. కానీ ఆ కుటుంబాల అవసరాలను గుర్తించి, వేరే చోట విస్తరణకు వీలు కల్పించగలదు, కల్పించాలి. మామునూరు విమానాశ్రయం చుట్టూ భవనాల ఎత్తు మీద కేంద్ర విమానయాన నిబంధనలు వర్తిస్తాయి. ములుగు, భూపాలపల్లి వైపు పోతే అటవీ సంరక్షణ చట్టం, ఏటూరునాగారం అభయారణ్యానికి సంబంధించిన వన్యప్రాణి చట్టం, ఏజెన్సీ ప్రాంతాల్లో 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, అక్కడి గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం వస్తాయి. అయిదో షెడ్యూలు ప్రాంతాలకు, అంటే ఈ ఏజెన్సీ ప్రాంతాలకు, రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగమే నేరుగా వర్తించదు. పార్లమెంటు చట్టం చేసి విస్తరించాలి. రామప్ప దేవాలయానికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చాక పాలంపేట చుట్టూ భూమి మీద పెరిగిన ఒత్తిడిని చూస్తే, ఈ వరసలన్నీ ఒకే పటంలోకి తేవలసిన అవసరం ఎంతుందో తెలుస్తుంది.

జోన్ మార్పు, నాలా మార్పిడి

ఆమోదమైన ప్రణాళికను మార్చలేరా అంటే మార్చగలరు. దానికి 12వ సెక్షన్ ఉంది. ప్రణాళిక స్వరూపాన్ని మార్చని, భూవినియోగ విస్తీర్ణానికి, జనసాంద్రత ప్రమాణాలకు సంబంధించని చిన్న సవరణలను సంస్థే చేయవచ్చు. అంతకు మించినవి ప్రభుత్వం చేయాలి. ఏ సవరణకైనా ముందు ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు కోరాలి. పత్రికల్లో ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, వ్యవసాయ జోన్ నుంచి నివాస జోన్‌కు అంటూ వచ్చే ప్రకటనలు ఇవే. పక్క పొలం వాళ్ళు వాటిని పట్టించుకోరు. ఆ మార్పుతో వచ్చే మురుగునీరు, వాహనాలు, మూసుకుపోయే దారి తమ గట్టు దాకా వచ్చాకే తెలుస్తుంది.

ఈ సెక్షన్ ఎంత గట్టిదో చెప్పే తీర్పు ఒకటుంది. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థకు చెందిన కేసులో 2011లో సుప్రీంకోర్టు ఇదే 1975 చట్టాన్ని పరిశీలించింది. వినోద అవసరాలకు కేటాయించిన స్థలంలో గుడి కట్టడానికి ఇచ్చిన అనుమతి చెల్లదని, పద్ధతి ప్రకారం భూవినియోగం మారే దాకా ప్రణాళికకు విరుద్ధమైన అనుమతి ఇచ్చే అధికారం ఎవరికీ లేదని తేల్చింది. అంతకు ముందు 1991లో బెంగళూరు ఉద్యానవన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చిన వ్యవహారంలోనూ అదే న్యాయస్థానం, ప్రజల ఖాళీ స్థలాన్ని అధికారుల ఇష్టం మేరకు మార్చరాదంది.

చాలామంది తడబడే చోటు మరొకటి. రెవెన్యూ శాఖ దగ్గర వ్యవసాయేతర మార్పిడి, అంటే నాలా (పైన చెప్పిన నీటి నాలా కాదు, ఇది ఆంగ్ల పొడి అక్షరాల పేరు), చేయించుకున్నాక తమ భూమి నివాస జోన్ అయిపోయిందనుకుంటారు. 2006 నాటి చట్టం కింద జరిగే ఆ మార్పిడి రెవెన్యూ లెక్కకు సంబంధించినది. జోన్ అన్నది ప్రణాళిక చట్టానికి సంబంధించినది. ఒకటి జరిగితే రెండోది జరిగినట్టు కాదు. మార్పిడి పత్రాన్ని చూపించి ప్లాట్లు అమ్మితే కొన్నవాళ్ళు ఇంటి అనుమతి దగ్గర ఇరుక్కుంటారు. కొనేముందు పట్టణాభివృద్ధి సంస్థ నుంచి భూవినియోగ ధ్రువపత్రం తీసుకోవడం ఒక్కటే ఈ ముప్పు నుంచి కాపాడుతుంది.

వచ్చిన నోటీసు ఏ చట్టం కిందిది

ఒకే పొలానికి ఒకే ఏడాదిలో రెండు మూడు రకాల నోటీసులు రావచ్చు. 2022లో వరంగల్ బాహ్య వలయ రహదారి వెంబడి 27 గ్రామాల్లో దాదాపు 21 వేల ఎకరాలు సమీకరించాలని కుడా ప్రకటించినప్పుడు రైతులు దాన్ని మాస్టర్ ప్లాన్‌గానూ, భూసేకరణగానూ, రహదారి పనిగానూ ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకున్నారు. అది భూసమీకరణ, అంటే యజమాని భూమి ఇచ్చి, అభివృద్ధి చేసిన స్థలంలో వాటా తీసుకునే పద్ధతి, అంగీకారమే దానికి పునాది. నిరసనల తర్వాత ఆ ఏడాదే ప్రకటన ఉపసంహరించారు. 2013 చట్టం కింద భూసేకరణ నోటీసు వస్తే అభ్యంతరానికి 60 రోజులుంటాయి. జాతీయ రహదారుల చట్టం కింద వస్తే 21 రోజులే. మంచిర్యాల, వరంగల్, ఖమ్మం మీదుగా పోయే కొత్త జాతీయ రహదారి వెంబడి ఊళ్ళకు ఈ తేడా బాగా తెలుసు. మాస్టర్ ప్లాన్ ముసాయిదాకు ప్రకటనలో రాసిన గడువే గడువు. కాబట్టి కాగితం చేతికి రాగానే మొదట చూడవలసింది అందులో పేర్కొన్న చట్టం పేరు, సెక్షన్, తేదీ.

అభ్యంతరం రాసేటప్పుడు మా భూములు కాపాడండి అన్న ఒక్క వాక్యంతో ఊరంతా సంతకాలు పెట్టి ఇస్తే లెక్కలో అది ఒక్క అభ్యంతరంగానే మిగిలిపోయే ప్రమాదముంది. గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, పటంలో చూపిన జోన్, నేల మీద నిజంగా ఉన్నది, కోరే మార్పు, దానికి కారణం రాసి, పహాణీ నకలు, గ్రామ నక్ష నకలు జత చేసి ఇచ్చినదానికి బదులు చెప్పక తప్పదు. తీసుకున్నట్టు రసీదు అడగాలి. దాని మీద ఏ నిర్ణయం జరిగిందో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో చెప్పాలి. ఆ సమాధానమే రేపు 226వ అధికరణ కింద హైకోర్టుకు వెళ్ళవలసి వస్తే ప్రధాన ఆధారమవుతుంది. ఎందుకంటే ఏ జోన్ మంచిదని న్యాయస్థానం సాధారణంగా నిర్ణయించదు. అభ్యంతరాన్ని నిజంగా పరిశీలించారా, చట్టం చెప్పిన పద్ధతి పాటించారా అన్నది మాత్రం తప్పక చూస్తుంది.

వరంగల్ వరకు మాస్టర్ ప్లాన్ దశ దాటిపోయింది. 7వ సెక్షన్ కింద జోనల్ ప్రణాళికలు, విడివిడి సర్వే నంబర్లకు 12వ సెక్షన్ ప్రకటనలు ఇకమీదట వచ్చే దశ. పంచాయతీ కార్యదర్శులు, వార్డు కార్పొరేటర్లు ఆ ప్రకటనలను తెలుగులో, సర్వే నంబర్లతో తమ కార్యాలయాల దగ్గర అంటించేలా ఊళ్ళు ఇప్పుడే తీర్మానాలు చేసి కుడాకు పంపవచ్చు.